పదహారు మంది మోత

గిలకలదిండి, బందరు.
డిసెంబరు నెల.

గుడివాడలో పాత బండ్లు అమ్మే కృపానందం గారికి, మీరెరగని వీరలక్ష్మి నమస్కారం పెట్టి రాస్తున్నది.

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలని ఐదో తరగతిలో మాస్టారు చెప్పారు. రాశాను. మిగతాది ఇప్పుడు చెబుతాను.

మా అబ్బాయి సీను దసరాల ముందు పోయాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ సముద్రంలో పడి లేచినవాణ్ణి, చివరికి ఒక దోమ తీసుకుపోయింది. చేపల పని మీద విసుగొచ్చి వాడొక షికారు పడవ చేయించాడు. తెల్లటి ఫైబర్ పడవ. పైన పందిరి, ఆరు మెత్తటి సీట్లు. "చేపల్నయితే మనం వెతుక్కుంటూ పోవాలమ్మా, టూరిస్టులయితే వాళ్ళే వచ్చి ఎక్కుతారు" అనేవాడు. ఆ పడవ ఇంకా నీళ్ళు చూడలేదు. మా వాకిట్లో తాటి మొద్దుల మీద ఉంది. పక్కనే వాడు వెల్డింగు చేయించిన రెండు చక్రాల ట్రైలరు.

మా కోడలు సాయిదుర్గ పుట్టిల్లు నాగాయలంక. అక్కడి రేవులో షికారు పడవకి చోటిస్తామన్నారు. శివరాత్రికి పడవ రాకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. కోడలి బతుకు దాని మీదే ఉంది. ఇక్కణ్ణుంచి నాగాయలంక దాకా పడవని లాగడానికి ఏ బండి మంచిది? కొనాలా, అద్దెకి తేవాలా? మా పేటలో తలా ఒకటి చెబుతున్నారు. ఎల్లయ్య బావ ట్రాక్టరే అంటాడు. చేపల ఆటో నడిపే సుమతి "నా ఆటోకి కట్టెయ్ వదినా" అంటోంది. ఆ ఆటో వంతెన ఎక్కాలంటే నేను దిగి తొయ్యాలి.

ఫోను చెయ్యొచ్చు గదా అంటారేమో. "మా అబ్బాయి" అనగానే నాకు గొంతు పూడుకుపోతుంది. అవతలివాళ్ళు సిగ్నల్ లేదనుకుని పెట్టేస్తున్నారు.

ఇట్లు,
వీరలక్ష్మి

తా.క. మీ అడ్రసు మీ షాపు క్యాలెండరు మీద చూశాను. సీను తెచ్చాడు. దాని మీది యేసుప్రభువుని మా దుర్గమ్మ పక్కనే తగిలించాను. ఇంతవరకూ ఇద్దరికీ గొడవేమీ రాలేదు.


గుడివాడ.

సోదరి వీరలక్ష్మి గారికి, ప్రభువు పేరట కృపానందం వందనాలు.

మీ ఉత్తరం చదివి మా ఆవిడ రాహేలు కళ్ళు తుడుచుకుంది. నేను చదివి కాలిక్యులేటరు తీశాను. నాకు చేతనైంది అదే.

అమ్మా, లాగే బండిని రంగు చూసి, పేరు చూసి ఎంచుకోకూడదు. ముందు బరువు చూడాలి. లాగడం ఏ బండయినా లాగుతుంది. ఆపడం దగ్గరే వస్తుంది చిక్కు. బ్రేకు వేసినప్పుడు వెనకున్న బరువు ముందున్న బండిని తోసుకుపోతుంది. సుమతి గారి ఆటోకి మాత్రం కట్టకండి. చల్లపల్లి చేరేసరికి పడవ ముందు, ఆటో వెనక ఉంటాయి.

పడవ బరువెంతో రాయండి. దాన్నిబట్టి బండి చెబుతాను.

మీ శ్రేయోభిలాషి,
కృపానందం

తా.క. ఉత్తరం రాసి మంచిపని చేశారు. ఇంజన్ల మధ్య బతికి నా చెవులు పోయాయి. ఫోను చేసి ఉంటే పడవ మాట అటుంచి మీకో స్కూటరు అంటగట్టేవాణ్ణి.


గిలకలదిండి.

కృపానందం గారికి, రాహేలు గారికి వీరలక్ష్మి నమస్కారాలు.

పడవ బరువెంత అని అడిగారు. పడవని ఏ కాటాలో పెడతామండీ? మా దగ్గర బరువు మనుషుల్లో చెబుతాం. ఇది నలుగురి మోత, ఇది పదిమంది మోత అంటాం. అంతకు మించి ఎవరూ అడగరు.

సీను పడవ పదహారు మంది మోత. పెద్దకర్మ అయ్యాక దాన్ని ట్రైలరు మీదకి ఎక్కిద్దామని పదహారు మంది వచ్చారు. నా కళ్ళతో చూశాను, జానెడు కూడా లేవలేదు. అంతా చెమటలు కక్కుకుని, టీ తాగి వెళ్ళిపోయారు.

ఇక బండి మీదే ఆలస్యం.

ఇట్లు,
వీరలక్ష్మి

తా.క. టీ పదిహేడు కప్పులయ్యింది. ఎల్లయ్య బావ రెండు తాగాడు.


గుడివాడ.

సోదరి వీరలక్ష్మి గారికి వందనాలు.

మీ ఉత్తరం అందిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. మా వైపు మనిషి మోత అంటే ఒక ధాన్యం బస్తా. డెబ్భై అయిదు కిలోల బస్తాని మిల్లు హమాలీ వీపు మీద వేసుకుని, బీడీ కాలుస్తూ బల్ల ఎక్కుతాడు. పదహారు మంది అంటే పదహారు బస్తాలు. పైగా లేవలేదన్నారు. అంటే ఇంకా ఎక్కువే. ఎందుకైనా మంచిదని రెట్టింపు వేశాను. అమ్మా, మీ అబ్బాయి చేయించింది షికారు పడవేనా, లేక బందరు రేవుకి ఓడేమైనా ఆర్డరిచ్చాడా?

జీపు మాట మర్చిపోండి. పామిడిముక్కలలో ఒక లారీ చూసి వచ్చాను. కాలవలో పడ్డ బస్సుల్ని పైకి లాగే లారీ. క్రేను కూడా ఉంది. మీరు ఊ అంటే మాట్లాడతాను.

కృపానందం

తా.క. రాహేలు అంటోంది, పడవ బేరం లేని రోజుల్లో మీ కోడలు బస్సులు లాక్కోవచ్చని.


గిలకలదిండి.

అన్నయ్యగారికి వీరలక్ష్మి కంగారుగా రాస్తున్నది.

లారీ వద్దు, మీకు దణ్ణం పెడతాను. క్రేను వస్తుందని పేటలో తెలిసి, పిల్లలంతా బడి మానేసి మా వాకిట్లో కూర్చున్నారు.

మావాళ్ళు హమాలీలు కారండీ. ఆ పదహారు మందిలో నిజంగా మోసేది ఆరుగురు. కొందరు ఫొటోకి నిలబడ్డట్టు ఊరికే చెయ్యి ఆనిస్తారు. మిగతావాళ్ళు "హైలెస్సా" అంటారు. ఎల్లయ్య బావ అసలు పడవని ముట్టుకోడు. దూరంగా నిలబడి అరుస్తాడు. తన అరుపు లేకపోతే పడవ లేవదని ఆయన నమ్మకం.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజు పడవలో నేను కూర్చుని ఉన్నాను. దిగమన్నారు. సీటు మెత్తగా ఉంది, కాసేపాగి దిగుతానన్నాను. ఆ కాసేపు పొద్దు కుంకేదాకా సాగింది. ఎవరూ గట్టిగా లేపలేదు. కాబట్టి మీ లెక్కలోంచి నన్ను తీసెయ్యండి.

మీ చెల్లెలు,
వీరలక్ష్మి

తా.క. నా బరువు మీకు పనికొస్తుందేమోనని రేషన్ డీలరు కాటా ఎక్కాను. అంకె ఆగింది గానీ ఆయన నవ్వు ఆగలేదు. ఆ అంకె రాయను.


గుడివాడ.

చెల్లెమ్మకి ప్రభువు పేరట వందనాలు.

అర్థమైంది. మీ బరువు తీసేసి, అరుపులు కూడా తీసేసి చూస్తే మామూలు జీపు చాలు. మా మెకానిక్ యేసుదాసు తీసుకొస్తాడు. నచ్చితే ఆ రోజే పడవని కట్టుకుని బయలుదేరండి. శివరాత్రి దగ్గర పడుతోంది.

మీ అన్నయ్య,
కృపానందం

తా.క. రాహేలు ఒక బూరుగు దూది దిండు పంపుతోంది. పడవలో సీటు వదిలి రావాలంటే జీపులో సీటు అంతకన్నా మెత్తగా ఉండాలట.


గిలకలదిండి.

అన్నయ్యగారికి, వదినగారికి వీరలక్ష్మి నమస్కారాలు.

మొదటి జీపు నీలంగా ఉంది. నీలం మీద దుమ్ము కనిపిస్తుందని పంపేశాను. రెండోది తెల్లగా ఉంది. తెలుపు మీద ఇంకా కనిపిస్తుందని పంపేశాను. మూడోదాని హారను అంబులెన్సులా ఉంది. ఆ మోత నాకు పడదు.

సీనుకి పెళ్ళిచూపులప్పుడు కూడా నేనిన్ని వంకలు పెట్టలేదు. సాయిదుర్గ కాఫీ తెచ్చేలోపే సరేనన్నాను. ఆ పిల్ల రోజూ ఫోను చేస్తోంది. "అత్తయ్యా, వారమే ఉంది. ఇంకెవరో మన చోట్లో అప్పుడే గుంజ పాతారు" అంది. బండి దొరకడం లేదమ్మా అన్నాను. వీధి చివర జీపు పెట్టుకుని ఆ మాటన్నాను చూడండి.

మీ చెల్లెలు,
వీరలక్ష్మి

తా.క. వచ్చిన ప్రతిసారీ యేసుదాసు గారికి చేపల పులుసుతో భోజనం పెట్టాను. నాలుగో బండి ఎప్పుడు తెమ్మంటారని ఆయనే అడుగుతున్నారు.


గుడివాడ.

చెల్లెమ్మకి,

మూడు బండ్లకి వంకలు పెట్టినవాళ్ళు నాకు కొత్త కాదు. బండిని పంపేసి దిండు మాత్రం ఉంచుకున్నవాళ్ళు మీరొక్కరే. నాలుగోది కూడా పంపుతాను. హారను తీయించేశాను.

కృపానందం

తా.క. ఒక అనుమానం. నేను ఈత రాని మనిషిని, తప్పయితే క్షమించండి. నిన్న అన్నం వడ్డిస్తూ రాహేలు అడిగింది: "పడవ కదండీ, నీళ్ళ మీద వెళ్ళదా? వాళ్ళ వైపు సముద్రం, నాగాయలంక దగ్గర కృష్ణ, రెండూ కలుస్తాయి గదా?" నేను బండ్లు అమ్ముకునేవాణ్ణి, నాకా ఆలోచన రాదు. మీరు చేపలు పట్టేవాళ్ళు.


నాగాయలంక.
శివరాత్రి మర్నాడు.

అన్నయ్యగారికి, ముఖ్యంగా రాహేలు వదినకి వీరలక్ష్మి రాస్తున్నది.

మీ తా.క. చదివి నవ్వాను. సీను పోయాక నవ్వడం అదే మొదలు. ఏడుస్తున్నాననుకుని సుమతి పరిగెత్తుకొచ్చింది.

ఉత్తరం పట్టుకుని ఎల్లయ్య బావ దగ్గరికి వెళ్ళాను.

"బావా, పడవ నీళ్ళ మీద వెళ్తుందంట. గుడివాడ నుంచి రాశారు."

ఆయన వల బాగుచేస్తూ "అలాగా" అన్నాడు.

"నీకు తెలీదా?"

"పడవలో పుట్టినోణ్ణి, నాకు తెలీదంటే?"

"మరి ఇన్నాళ్ళూ ట్రాక్టరు ట్రాక్టరని గొంతు చించుకున్నావే!"

"నువ్వు బండి అడిగావు, బండి చెప్పాను. నువ్వెత్తేదాకా నీళ్ళ మాట ఎవరూ ఎత్తొద్దని పేటంతా అనుకున్నాం. సుమతి ఆటో ఇస్తానంది చూడు, ఆటోకి బ్రేకుల్లేవని దానికి తెలీదా ఏంటి?"

వాడు లేకుండా ఆ పడవ తేలడం చూడలేకే నేను రోడ్డు పట్టుకున్నానని పేటలో కుక్కలకి కూడా తెలుసు. నేనొక్కదాన్నే రంగులు చూస్తూ, హారన్లు వింటూ, మహా తెలివిగా ఉన్నాననుకున్నాను.

శివరాత్రి ముందురోజు పొద్దున్నే పడవకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాం. పదహారు మందీ వచ్చారు. వదిన పంపిన దిండు చంకన పెట్టుకుని నేను పడవలోంచి దిగాను. ఆరుగురు చెయ్యి వెయ్యగానే పడవ లేచింది. ఎల్లయ్య బావ ఇంకా నోరు తెరవనేలేదు. పాపం, ఆ కోపం ఆయనకి రోజంతా ఉంది.

పడవని నీళ్ళలోకి దించి, ఆయన బోటు వెనక తాడుతో కట్టాం. సముద్రం పంట కాలవలా ఉంది. పడవని లాగడానికి ఏది మంచిదో ఇప్పుడు నన్ను అడగండి, ఇంకో పడవ. ట్రైలరుని వదిలేయబుద్ధి కాక, చక్రాలు ఊడదీసి, ఇనుమంతా సీను పడవలోనే వేసుకొచ్చాం. పడవని మొయ్యాల్సిన బండిని పడవే మోసుకొచ్చిందని రేవులో జనం ఒకటే నవ్వు. నవ్వినవాళ్ళే మొదట ఎక్కారు. మన చోట్లో గుంజ సాయిదుర్గే పీకేసింది.

సీట్లు ఆరు. అయిదుగురినే ఎక్కించమన్నాను. ఎందుకని సాయిదుర్గ అడగలేదు. ఆరో సీటులో మీ దిండు పెట్టింది.

మీ చెల్లెలు,
వీరలక్ష్మి

తా.క. మీకు బేరం పోయింది, నాకు సిగ్గుగానే ఉంది. వదినని తీసుకుని ఒకసారి రండి. ఆ ఆరో సీటు వదినకి ఇస్తాను, అడగాల్సిన మాట అడిగింది ఆవిడే గనక. మీరూ ఎక్కేటట్టయితే మీ బరువు ముందే రాయండి. మనుషుల్లో వద్దు, బస్తాల్లో రాయండి.