నీలిపూసలు తీసెయ్యక్కా

సీబ్, మస్కట్
ఫిబ్రవరి, 2008

ప్రియమైన ఓబులక్కకు,

నీ చెల్లెలు అమ్మణ్ణి నమస్కరించి రాసేది. మొన్న ఫోన్‌లో "పిల్లోని మొలతాడుకు కట్టిన నీలిపూసలు తీసెయ్యక్కా, ఇప్పుడే తీసెయ్యి" అని అరిచాను. నువ్వు "ఏమాయెనే నీకు?" అనేలోపు కార్డు అయిపోయింది. నాకు పిచ్చెక్కిందనుకొని ఉంటావు. పిచ్చి కాదు, కోపం. ఎందుకో రాస్తున్నాను, కవిత చేత నిదానంగా చదివించుకో.

మా సాబ్ బొంబాయి మనిషి. ఈజిప్టులో చాలా ఏళ్ళు పనిచేసి ఇక్కడికి వచ్చాడు. హాల్లో ఆయనకొక అద్దాల బీరువా ఉంది. దాని నిండా ఆ దేశపు పాతకాలం పూసలు, చింతగింజంత కప్పబొమ్మ, పేడపురుగు బొమ్మ, కన్ను ఆకారంలో నీలిరంగు బిళ్ళలు. ఒక్కో అరలో ఒక దీపం. మన దేవుడి గూట్లో కూడా అంత వెలుగుండదు. వాటి దుమ్ము తుడవడం నా డ్యూటీనే. నా కూతురు కవితకు కొడుకు పుట్టాడని చెప్పగానే మేడం ఆ బీరువా తెరిచి, మధ్యలో కన్ను బిళ్ళ ఉన్న చిన్న దండ తీసింది. "నీ మనవడికి కట్టు, నజర్ తగలదు" అంది, నజరంటే మన దిష్టే. పక్క విల్లాలో డ్రైవరు, మన రాయచోటి జిలాని సెలవుకు బయల్దేరుతుంటే, గేటు దగ్గర మేడమే దండ పొట్లం అతని చేతిలో పెట్టింది. ఎంత మంచి తల్లో అనుకున్నాను. ఆమె కాళ్ళకు కూడా మొక్కాను, నా మతి మండ!

పోయిన శుక్రవారం చుట్టాలొచ్చారు. సాబ్ వాళ్ళకు బీరువా చూపిస్తూ, ఇవన్నీ సమాధుల్లో పీనుగుల ఒంటిమీద దొరికినవని గొప్పగా చెప్పాడు. చాయ్ ట్రే పట్టుకొని నేనక్కడే ఉన్నాను. వాళ్ళు వెళ్ళాక మేడంను అడిగాను, నా మనవడికిచ్చింది కూడా అంతేనా అని. "అది చిన్నపిల్లదై ఉంటుంది. అంత చిన్న దండ పెద్దవాళ్ళకు పట్టదు కదా" అంది, గాజుల సైజు చెప్పినట్టు. మూడు వేల ఏళ్ళ కిందటిదట. ఇప్పుడు దానికోసం ఏడ్చేవాళ్ళు ఎవరున్నారని నవ్వింది కూడా. మేమేమైనా దొంగిలించామా, కొన్నాం, రసీదు ఉంది అంది. ఎవరి దగ్గర కొన్నారక్కా? ఆ పిల్ల తల్లి దగ్గర కొన్నారా?

ఏడ్చేవాళ్ళు లేకపోతే దోచుకోవచ్చా? నా చిట్టి జ్వరంతో పోయినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. పసిబిడ్డను కాల్చకూడదని ఊరి బయట వాగు పక్కన, వంక గట్టున పూడ్చారు. ఆడవాళ్ళు రాకూడదని నన్ను గడప దాటనివ్వలేదు. బిడ్డను తీసుకుపోయేముందు దాని చేతి దిష్టిపూసలు వదులయ్యాయని నేనే ముడి బిగించాను. ఆ ముడి సంగతి ఇన్నేళ్ళలో నీకు కూడా చెప్పలేదు. నక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప వేశామని పెద్దులు చిన్నాయన వచ్చి చెప్పాకే నేను మంచినీళ్ళు తాగాను. ఆ ఈజిప్టు తల్లి కూడా అట్లాగే ముడి బిగించి ఉంటుంది. నక్కలకైతే కంప వేస్తాం. అద్దాల బీరువాలవాళ్ళకు ఏం వేయాలి?

దండ పారేయొద్దు, అమ్మొద్దు, ఇంట్లోనూ ఉంచొద్దు. ఏం చేయాలో నాకు తోచడం లేదు. పెద్దదానివి, నువ్వే చెప్పు.

ఇట్లు,
కడుపు మండుతున్న నీ చెల్లెలు
అమ్మణ్ణి


చెల్లెలు అమ్మణ్ణిని దీవించి ఓబులక్క రాయించేది.

నువ్వు అరిచిన రోజే దండ తీసి, పిల్లవాడికి తలంటి పోసి దిష్టి తీశాను. నీ జాబు చదువుతూ కవిత మధ్యలో ఆగిపోయి ఏడ్చింది. పెద్దులు చిన్నాయన మాత్రం "టౌన్లో చూపిస్తే మంచి ధర పలుకుతాదేమో" అన్నాడు. "నీ మనవరాలి చేతివైతే అమ్ముతావా?" అన్నాను.

తెల్లారి వంక గట్టుకు నేనే పోయాను. "ఆడదానివి, ఆడ నీకేం పనే?" అని చిన్నాయన వెంటబడ్డాడు. "ఆడది కట్టిన పూసలు, ఆడదే పెడ్తాది, నువ్వు పో" అన్నాను. చిట్టి పక్కనే గుంత తీసి, దండను కొత్త గుడ్డలో చుట్టి, పసుపు చల్లి, పాలు పోసి పూడ్చాను. ఏ ఊరి బిడ్డో పాపం. దానికి మన చిట్టి తోడు, చిట్టికి అది తోడు. ఇంక దాని గురించి దిగులు పెట్టుకోకు.

నీ అక్క
ఓబులమ్మ
(చేతిరాత కవితది)


సీబ్
మార్చి, 2008

నా తల్లి లాంటి ఓబులక్కకు,

నీ జాబు అందిన మర్నాడే ఇంట్లో పెద్ద రభస. బీరువాలో దండ లేదని సాబ్ చూసుకున్నాడు. మేడం నా ముఖం చూడకుండా "నేనివ్వలేదు, నాకేం తెలుసు" అనేసింది. నా పెట్టె తెచ్చి హాల్లో కుమ్మరించారు. నా చీరలు, మందుబిళ్ళలు, అడుగున దాచుకున్న చిట్టి గౌను. ఆ గౌనును సాబ్ చెప్పుకాలితో పక్కకు జరిపాడు. అప్పుడు నాలో లేచిన మంట ఇంకా ఆరలేదు.

సెలవు నుంచి తిరిగొచ్చిన జిలాని ఈ గొడవ విని పరుగెత్తుకొచ్చాడు. "పొట్లం మేడమే నా చేతికిచ్చింది సాబ్, ఈమెను దొంగ అనొద్దు" అని హిందీలో గట్టిగా చెప్పాడు. మేడం లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. సాబ్ వెంటనే గొంతు మార్చాడు. దండ తెప్పిస్తే నా మనవడికి బంగారు మొలతాడు చేయిస్తానన్నాడు. మట్టిలో పెట్టేశామని చెప్పాను.

"అయితే తవ్వమను. అందులో ఏముంది?" అన్నాడు.

"అక్కడ నా బిడ్డ ఉంది సాబ్" అన్నాను. ఈ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదలు.

"సరే, జాగ్రత్తగా తవ్వమను" అన్నాడు.

అక్కా, మనిషన్నవాడు అనే మాటేనా ఇది? తవ్వమని నా నోటితో చెప్పను, నా పాస్‌పోర్టు నాకివ్వండి, వెళ్ళిపోతాను అన్నాను. సాయంత్రం మేడమే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏదో అనబోయింది. నేను వినలేదు. వచ్చే వారం జిలాని నన్ను ఎయిర్‌పోర్టులో దింపుతాడు. ఇల్లెట్లా గడుస్తుందని నువ్వడుగుతావు. నాకూ తెలియదు.

నేను వచ్చేలోపు ఒక్క పని చెయ్యి. మన ఊరి పేరు సాబ్‌కు తెలుసు. మనిషిని పంపి తవ్వించినా తవ్విస్తాడు. గట్టు మీద కొత్తమట్టి కనిపించకుండా రెండు గుంతల మీదా కలిపి ముళ్ళకంప వేయించు. తుమ్మకంప అయితే మంచిది. చాలకపోతే నేనొచ్చి ఇంకొంత వేస్తాను. ఈసారి నన్ను గడప దగ్గర ఎవరు ఆపుతారో చూస్తాను.

ఇట్లు,
చిట్టి తల్లి
అమ్మణ్ణి