బావ సుత్తి కింద వేళ్ళు

3 మార్చి

మేడ మీద హాల్లో నేలకి చెక్క పలకలు బిగిస్తున్నాం, నడిమి భాగం అయిపోయింది. మిగిలినవి గోడ వారన వరసలు. అక్కడ మేకులు దించే నెయిల్ గన్ పట్టదు, చేత్తోనే కొట్టాలి. మేకు తల కాస్త పైకి ఉండగానే ఆపి, దాని మీద నెయిల్ సెట్ నిలబెట్టాలి. వేలెడంత ఇనుప ముక్క అది. దాని నెత్తిన ఒక్క దెబ్బ వేస్తే మేకు తల చెక్క లోపలికి దిగుతుంది, పైన పుట్టీ పెడితే ఇక కనిపించదు. నేరుగా సుత్తితో దించబోతే చెక్కకి సొట్ట పడుతుంది.

ఎవరైనా ఒక్కరే చేసుకునే పని. మాకు మాత్రం ఇద్దరం కావాలి. రంపం దెబ్బ తగిలినప్పటి నుంచి బావ ఎడమచేతి వేళ్ళు వంగవు. అందుకే నెయిల్ సెట్ నేను పట్టుకుంటాను, బావ కొడతాడు. అక్క మొగుడి సుత్తి కింద వేళ్ళు పెట్టి బతికే మరదలు ఇంకెక్కడన్నా ఉందో లేదో.

5 మార్చి

కొత్త రూలు. దెబ్బ దెబ్బకీ ముందు నేను 'ఊ' అనాలట. నేనేమన్నా కథ వింటున్నానా అన్నాను. అలాగే అనుకోమన్నాడు. నవ్వలేదు.

6 మార్చి, మధ్యాహ్నం

చెక్క పొట్టు గొంతులో పడి దగ్గొచ్చింది. ఊ అనలేకపోయాను. బావ సుత్తి ఎత్తి అలాగే ఉండిపోయాడు. మేకు ఎదురుగానే ఉంది, నా చెయ్యీ ఉంది. నేను ఊ అన్నాకే దెబ్బ పడింది.

సాయంత్రం

టెస్ట్ చేశాను. తల బాగా పక్కకి తిప్పి, గోడ వైపు ఊ అన్నాను. సుత్తి నా వేళ్ళని రాసుకుంటూ పోయి చెక్క మీద పడింది. చెయ్యి జారిందన్నాడు. తర్వాత సొట్ట ఎక్కడ పడిందా అని అరచేత్తో తడిమాడు. అది బావ మోకాలి ముందే ఉంది.

బావకి కళ్ళు కనిపించడం లేదు. నా గొంతు ఆనవాలుగా కొడుతున్నాడు.

7 మార్చి

అక్కని కదిపాను. నీకూ తెలిసిపోయిందా అంది. శుక్లాలట. ఆపరేషన్ అంటే బావకి హడల్, వాళ్ళ నాన్నకి ఉన్న కాస్త చూపూ అందులోనే పోయిందట. ఈ మాట ఎత్తితే పని మానేసి మూల కూర్చుంటాడు, మనిషి దక్కడు, కొన్నాళ్ళు సర్దుకోమంది. నాకు కోపం నషాళానికంటింది. నీ మొగుడు నీకు ముద్దయితే నా వేళ్ళు నాకు ముద్దు అనేశాను. అక్క ఏడ్చింది. నేను ఓదార్చలేదు.

8 మార్చి

జ్వరమని కబురు పెట్టాను. జ్వరం లేదు.

9 మార్చి

నిన్న బావ ఒక్కడే వెళ్ళాడు. ఒక వరస మొత్తం నెయిల్ సెట్ లేకుండా నేరుగా కొట్టేశాడు. ప్రతి మేకు చుట్టూ సొట్టలే. ఇవాళ నేను వెళ్ళేసరికి నేల మీద కూర్చుని వాటిని తడుముకుంటున్నాడు.

"నువ్వు లేకపోతే మేకు ఎక్కడుందో తెలీట్లేదే," అన్నాడు.

తిట్టడానికి వెళ్ళినదాన్ని, పక్కన కూర్చున్నాను. ఇద్దరం కలిసి ఆ వరస ఊడబీకాం. అప్పుడు చెప్పాను, కంటి ఆసుపత్రికి పోదామని. దానికి బావ ఒక పందెం పెట్టాడు. కొత్త వరసకి నెయిల్ సెట్ తను పట్టుకుంటాడట, నేను కొట్టాలట. ఒక్క దెబ్బ తన చేతికి తగిలినా ఆసుపత్రి మాట జన్మలో ఎత్తకూడదట. తగలకపోతే వస్తాడట.

పట్టుకునేది కుడిచేత్తో. బావకి మిగిలిన మంచి చెయ్యి అదొక్కటే. ఆ సుత్తి నేనెప్పుడూ ఎత్తి కొట్టలేదు. రేపే ఆ పందెం.

10 మార్చి

చివరి మేకు దగ్గర సుత్తి బావ బొటనవేలికి తగిలింది. గట్టిగానే. బావ కిక్కురుమనలేదు. చెయ్యి జేబులో పెట్టుకుని, ఆసుపత్రి ఎన్నింటికి తెరుస్తారని అడిగాడు.