నేరేడు కలిపిన ద్రాక్షరసం

సుందరమ్మా,

నువ్వు లేని మొదటి క్రిస్మస్ ఇది. మన కర్నూలు రాజధాని అయింది, కచేరీలు గుడారాల్లో నడుస్తాండాయి. మద్యనిషేధం కదా, ద్రాక్షరసం కుండను ఎప్పట్లానే జొన్నల గరిసెలో దాచినా.

ఈ పొద్దు ఆ కుండలో, నువ్వు వానకాలంలో పులియబెట్టిన నేరేడు రసం కలిపినా. ఉత్తనోటితో రుచి తెలీదని, సంగటీ కోడిపులుసూ తిని తాగమంటాంటివి కదా. అట్లే చేసినా. ఆ పులుసు కారానికి ఇంకొంచెం నేరేడు వగరు కావాల.

జాడీలో నీ చేతి రసం అడుగున కొంచెమే మిగిలుండాది. "అదీ పోసేద్దామా నాయినా?" అనింది మన పాప.

"వద్దులేమ్మా, సరిపోయింది" అంటి.

జాడీకి గుడ్డ కట్టి అటక మీద పెట్టినా. పండగ పూట అందరం వగరు చాలని పుల్లటి రసమే తాగితిమి.