రికార్డులో ఎర్ర కాగితం

షికాగో,
11 మార్చి 1986.

జిలిన్‌స్కీ గారికి,

ఈసారి నవ్వి ఫోన్ పెట్టేయడానికి వీల్లేకుండా ఉత్తరం రాస్తున్నాను. మీ ఫ్యాక్టరీలో అచ్చేసిన నా హౌస్ డాన్సు పాట రికార్డులు ఐదు వందలూ చిటపటలాడుతున్నాయి. "అంతా డ్రమ్ముల దరువే కదయ్యా, అందులో ఆ చప్పుడు ఎవరికి వినిపిస్తుంది?" అన్నారు మీరు. క్లబ్బులో పాటలు వేసే లావెల్‌కు వినిపించింది. "ఏరా, పాట చేశావా, చేపలు వేయించావా?" అని అందరి ముందూ తిరిగి ఇచ్చేశాడు.

అమ్ముడుపోని పాత రికార్డులు కరిగించి కొత్తవి చేస్తారని తెలుసు. వాటి మీది లేబుళ్లయినా ఒలిచి పారేయరా? నా రికార్డు ఒకదాంట్లో గోరంత ఎర్ర కాగితం ఇరుక్కుంది. దాని మీద మా చర్చి పేరు సగం కనిపిస్తోంది. అరవై రెండులో చర్చి బృందంతో అమ్మ పాడిన ఒకే ఒక్క రికార్డు లేబుల్ అది. నా పాటను దయ్యాల గోల అని తిట్టే మనిషి, ఇప్పుడు సూది ఆ కాగితం మీద టప్‌మన్నప్పుడల్లా "అదుగో, నేను" అంటోంది.

మిగతా నాలుగు వందల తొంభై తొమ్మిదీ శుభ్రంగా మళ్లీ అచ్చేసి ఇవ్వండి. ఆ ఒక్కటి మాత్రం వాపసు అడగకండి. అమ్మ ఇవ్వదు.