తడి పీల్చని ప్యాడ్లు

అత్తయ్యా,

బస్టాపులో నిలబడి ఫోన్లో రాస్తున్నాను. పాప లేచాక దయచేసి గుడ్డ డైపర్ వేయకండి. బాల్కనీలో ఆరేసినవి పన్నెండూ పనికిరావు. మెత్తటి పాత దుప్పటి చింపి కట్టండి, తడవగానే మార్చండి. తొడలు కందిపోయి పుండు పడేలా ఉన్నాయి. రుద్దకుండా గోరువెచ్చటి నీళ్లతో కడిగి, కాసేపు గాలికి వదిలేయండి.

డైపర్లలోని ప్యాడ్లన్నీ తీసి బకెట్‌లో వేడినీళ్లు పోసి నానబెట్టండి. నురగ పోయేదాకా ఎన్నిసార్లైనా జాడించాలి. సబ్బు వద్దు. వాషింగ్ మిషన్ పక్కనున్న, బట్టలు మెత్తబడటానికి పోసే గులాబీరంగు సువాసన సీసా జోలికి అసలు వెళ్లకండి.

పొద్దున అనుమానమొచ్చి పొడి ప్యాడ్ మీద నీళ్లు పోశాను. తామరాకు మీద బొట్టులా జారిపోయాయి. ఆ సీసా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంది, తువ్వాళ్లకి వాడితే తడి పీల్చవని. పాపకి మెత్తగా ఉంటాయని ప్రతి ఉతుక్కీ మూత నిండా పోసింది నేనే.

మీకు గుండీలు పెట్టడం రాదనీ, అందుకే కారుతోందనీ వారం రోజులుగా మిమ్మల్ని సాధించాను. నిన్న పక్కింటావిడ ముందు కూడా నోరు పారేసుకున్నాను. మీరు వెళ్లి పాప తడిపిన పక్క మార్చారు. నాకు నిద్ర లేదు, బుర్ర పనిచేయట్లేదు, ఇవాళ కూడా సెలవడిగితే ఉద్యోగం ఊడుతుంది. ఏం చేయాలో తోచట్లేదత్తయ్యా. బస్సొచ్చేసింది.

సాయంత్రం పక్కింటావిణ్ణి టీకి పిలవండి. ఆ సీసా మాత్రం పారేయకండి, ఆవిడ చూస్తుండగా నేనే పారబోయాలి.