క్లియరెన్సు లేని చేతి వంట

భద్రతా విచారణ శాఖ ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ కార్యాలయపు క్యాంటీనులో వంటవాడిగా ఎంపికైన నాకు భద్రతా క్లియరెన్సు ఇంతవరకు రానందున, ఈ నెలాఖరుతో ఆ ఎంపిక రద్దు కానున్నందున, ఆలోపు ఏదో ఒకటి తేల్చవలసినదిగా కోరుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని మనవి చేయునది ఏమనగా:

1. వంట పరీక్షలో నేను మొదటివాడిగా నెగ్గితిని. ఉద్యోగం వచ్చినట్టేనని, విచారణ ఒక్కటే మిగిలినదని తమ గుమాస్తా చెప్పెను. ఆ ఒక్కటీ పోయిన వేసవిలో మొదలై ఈ వేసవిని కూడా మింగినది. ఉల్లిపాయలు తరిగేవాడి వల్ల దేశానికి ఏమి ప్రమాదమో తమకే తెలియాలి.

2. నా వేలిముద్రలు మూడుసార్లు తీసుకొని, మూడుసార్లూ సరిగా పడలేదనిరి. చిన్నప్పటినుంచి కాలిన మూకుళ్లు పట్టుకున్న వేళ్లు, నునుపెక్కినవి. "కావాలనే చెరిపేసుకున్నావా?" అని తమ ముద్రల గది ఆయన అడిగెను. అవునండీ, ఇందుకోసమే ఇన్నేళ్లూ పొయ్యి దగ్గర నిలబడ్డానని అనవలసినది. వేళ్ల సిరా తుడుచుకొని వచ్చితిని.

3. నేను పనిచేయుచున్న హోటలుకు తమ శాఖ ఒక రహస్య లేఖ పంపినది. రహస్యం కనుక మా ఓనరు దానిని కౌంటరు దగ్గర నిలబడి అందరికీ చదివి వినిపించెను. "ఊరికే ఎంక్వైరీ రాదు కదా, నాకెందుకొచ్చిన గొడవ" అని మరునాడే నన్ను పనిలోంచి తీసేసెను.

4. విచారణకు వచ్చిన తమ ఇన్‌స్పెక్టరు సరిగ్గా మధ్యాహ్న భోజనం వేళకు మా గుమ్మం ఎక్కెను. ఇంటికొచ్చిన మనిషి కదా అని పెట్టితిమి. మరునాడు అదే వేళకు, ఒక ప్రశ్న మరిచిపోయానంటూ వచ్చెను. ఆ తర్వాత ప్రశ్నలు మరిచిపోవుట ఆయనకు అలవాటైనది. నా గుణగణాలు విచారిస్తూ విచారిస్తూ, వడ్డించే మా అక్క గుణగణాల దగ్గర ఆగిపోయి, చివరకు ఆమెను పెళ్లాడెను. ఇప్పుడు మా ఇంట్లోనే కాపురం. నా మంచం ఆయనది, నా చెప్పులు ఆయనవి. నా ఫైలు సంగతేమిటి బావా అంటే, "అది కాన్ఫిడెన్షియల్ బావమరిదీ, ఇంకాస్త కూర వెయ్యి" అంటాడు.

5. విచారించినవాడు దగ్గరి బంధువైనందున ఆ రిపోర్టు చెల్లదని తమరే కొట్టివేసి, రెండో ఆయనను పంపితిరి. ఈయన మంచినీళ్లు కూడా ముట్టలేదు. మీ అబ్బాయి ఏం చేస్తుంటాడని మా అమ్మను అడిగెను. "ఏం చేస్తాడు నాయనా, పొద్దస్తమానం ఇంట్లోనే. గుమ్మంలో నిలబడి ఎవరికోసమో చూస్తుంటాడు. మా అల్లుడు మాత్రం బంగారం" అని ఆవిడ చెప్పినది. "జీవనాధారం తెలియదు. అపరిచిత వ్యక్తి కొరకు ప్రతిరోజు ఎదురుచూచుచున్నాడు" అని ఆయన రాసుకొనెను. ఈ రహస్యం ఒక్కటి మాత్రం మా బావ నవ్వు ఆపుకోలేక చెప్పేసెను. అయ్యా, ఆ అపరిచితుడు పోస్టుమ్యాను. తమ ఉత్తరం తెస్తాడని నిలబడ్డాను. కన్నతల్లి నోటితోనే నన్ను అనుమానితుణ్ణి చేయించారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

6. ఇక అసలు సంగతి. మా బావ రోజూ తమ ఆఫీసుకు ఒక పెద్ద క్యారేజీ తెచ్చునని తమకు తెలియనిది కాదు. అందులో మూడో గిన్నె నేరుగా తమ బల్ల మీదికే వచ్చుననియు, తమరు దానిని గీకి మరీ తిని, "మీ ఆవిడ చేతికి దండం పెట్టాలయ్యా" అని మెచ్చుకొందురనియు వినియున్నాను. మా అక్కకు పాలు కాచడం కూడా రాదండీ, పొంగించేస్తుంది. ఆ చెయ్యి నాది. తమ శాఖ ముద్రలు తీసి తీసి, నమ్మదగినది కాదని పక్కనబెట్టిన చెయ్యే అది. దేశాన్ని కాపాడే మీ గదంతా, క్లియరెన్సు లేనివాడు వండింది తిని మధ్యాహ్నం కునుకు తీస్తోంది. ఒక్కరికైనా, ఇది ఎవరు వండారని అడగాలని తోచలేదు. పెద్ద విచారణ శాఖ!

కావున, నన్ను నమ్మితే నమ్మామని, నమ్మకపోతే లేదని ఒక్క ముక్క రాసి పంపవలసినదనియు, నమ్మని మనిషి వండిన ముద్ద నోట పెట్టుకొనుటకు ముందు ఈ విన్నపమును ఒకపరి చిత్తగించవలెననియు ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు
(విధేయత ఇంకా విచారణలో ఉన్నది)

తా.క.: ఈ అర్జీని టపాలో పంపలేదండీ. తమరు ఇప్పుడే మూత తీసిన మూడో గిన్నెలో పెట్టాను. మిగతా గిన్నెలు వెతక్కండి, అన్నీ ఖాళీగా కడిగి పెట్టినవే. మా బావను తిట్టకండి, పాపం ఆయనకు తెలియదు. ఆర్డరు వచ్చిన రోజు నుంచి క్యాంటీనులోనే వేడివేడిగా వడ్డిస్తాను. తమరి మీద నా విచారణ ఎప్పుడో పూర్తయింది: ఉప్పు తక్కువ, కారం ఎక్కువ, రెండోసారి అడగడానికి మొహమాటం. అడగనక్కర్లేదు, నేనే వేస్తాను.