కోహెయి కోసం పెట్టిన గిన్నె

చిరంజీవి చిజురుకి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. కొండల మీద మంచు ఇంకా కరగలేదు. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి. ఒకడు తగ్గిన ఇంట్లో ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉన్నవాళ్ళం ఉన్నాం. నువ్వు వేళకి తింటున్నావనుకుంటాను.

నా మోకాలి సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి. కోహెయి అన్నయ్య ఫోటో ముందు రోజూ నీళ్ళు మారుస్తున్నాను. వాడితో మాట్లాడుతున్నాను కూడా, వాడు ఉన్నప్పటికంటే ఎక్కువగా. నువ్వు వెళ్ళాక మన దుకాణానికి సోయా గింజల మిసో ముద్ద ఎవరు చేస్తున్నారని అడిగావు. ఎవరూ చేయడం లేదు. పాత తొట్లలో ఉన్నదే అమ్ముతున్నాం. మీ బాబాయి తన బావమరిది కొడుకుని మన ఇంటికి దత్తత తెచ్చి దుకాణం అతని చేతిలో పెడదామంటూ వచ్చాడు. "ఆడపిల్ల చేతికిస్తే ఏమైందో చూశావుగా వదినా, బియ్యం కూడా జిగురుకారి ఏడ్చింది" అని పదిమందిలో నవ్వాడు.

ఆ మాట నీ మీద పడనివ్వలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. చదువు లేనిదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

చిన్నప్పుడు మన ఇంట్లో నాట్టో నీకొక్కదానికే పెట్టేదాన్ని, గుర్తుందా? ఆ పులిసిన బంకగింజలు తిన్నవాళ్ళు, మిసో కోసం బియ్యాన్ని బూజు పట్టించే కోజి గదిలోకి వెళితే బియ్యానికి కావలసిన తెల్లబూజు పట్టదు, జిగురెక్కి పాడవుతుంది. అన్నయ్య వారసుడు, వాడు ముట్టకూడదు. నువ్వు ఆడపిల్లవి, ఆ గదితో నీకేం పని అనుకున్నాం. వాడు నీ గిన్నె వంకే చూసేవాడు. పన్నెండో ఏట నువ్వే గిన్నె తోసేసి "నాకూ వద్దు" అన్నావు. "వచ్చిందమ్మా యజమానురాలు" అని అప్పట్లో బతికున్న మీ నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. నువ్వు మాత్రం మళ్ళీ ముట్టలేదు.

ఆస్పత్రిలో అన్నయ్య "ఒక్కసారి నాట్టో పెట్టవే అమ్మా" అన్నాడు. "తగ్గాక గదిలోకి వెళ్ళాలి కదరా" అన్నాను. వాడికి తగ్గలేదు. వాడి తర్వాత కోజి గది పని నీ చేతికొచ్చింది.

వాడు పోయిన నలభైతొమ్మిదో రోజున, కర్మ నాడు, ఎవరూ చూడకుండా వాడి ఫోటో ముందు నాట్టో గిన్నె పెట్టాను. పోయినవాళ్ళకు పెట్టింది పారేయకూడదు కదా, దించి నేనే తిన్నాను. చేతులు ఉత్త నీళ్ళతో కడుక్కుని చాలనుకున్నాను. నువ్వేమో రెండు రోజులుగా బియ్యం కనిపెట్టుకుని ఉండి, ఆ మధ్యాహ్నం గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నావు. లేపడం ఎందుకని నేనే లోపలికి వెళ్ళి బియ్యం మీది గుడ్డలు సర్ది వచ్చాను.

తెల్లారేసరికి బియ్యం జిగురుకారింది. నువ్వు పనివాళ్ళందరినీ నిలబెట్టి "ఎవరైనా నాట్టో తిన్నారా?" అని అడిగావు. ఒక్కొక్కరూ లేదన్నారు. నన్ను అడగాలని నీకు తోచలేదు. నేను తలుపు పక్కనే ఉన్నాను. వాడికి పెట్టిన ఆ ఒక్క గిన్నెని ఎవరైనా తప్పంటే వినలేననుకున్నాను. నువ్వు అందరికీ తలవంచి "తప్పు నాదే" అన్నావు. వారం తిరక్కుండా రైలెక్కావు. పోయిన బిడ్డని కాపాడుకోబోయి ఉన్న బిడ్డని పంపేశాను తల్లీ.

నిన్న మీ బాబాయి ముద్ర వేయమని దత్తత కాగితాలు తెచ్చాడు. పనివాళ్ళనీ పిలిపించి, అందరి ముందూ ఇదంతా చెప్పాను. ఈ ఇంటి పని తెలిసింది చిజురుకే, ఇంకొకరికి ముద్ర వేయనన్నాను.  బాబాయి "ఆ పిల్ల మా అందరికీ తలవంచినప్పుడు నీ నోరేమైంది వదినా?" అన్నాడు. అందరికీ నేనూ తలవంచాను. కాగితాలు మడుచుకుని వెళ్ళిపోయాడు.

గదిని ఆవిరి పట్టించి కడిగించాను. నేను గడప దాటలేదు. పద్దెనిమిదో తేదీ పొద్దున్నే బియ్యం ఆవిరికి పెడతారు. రమ్మని అడిగే మొహం నాకు లేదు. నువ్వు రాకపోతే ఆ బియ్యం గదిలోకి పోదు. పనివాళ్ళకి అన్నంగా వడ్డించేస్తాను.

ఇట్లు,
తలుపు పక్కన నోరు మెదపకుండా నిలబడ్డ
మీ అమ్మ, కినుయె